రాజా గాడీలో గడియారం

మా మనవడికి కాలేజీ సెలవులు. పొద్దున లేచింది మొదలు నా మంచం మీద అడ్డంగా పడుకుని ఫోను చూస్తుంటాడు. తాను చూసింది నేనూ చూడాలని వాడికో పట్టుదల. మొన్న నేను చట్నీకి పల్లీలు ఏరుకుంటుంటే ఫోను తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"అమ్మమ్మా, ఐక్ నా! రాజాల కార్ల మీద జనం నమ్మే అబద్ధాలట. లయీ మజా ఉంది." వాడి మాటలో మరాఠీ కలుస్తుంది, ఐక్ నా అంటే విను, లయీ అంటే చాలా.

అందులో ఒక కుర్రవాడు, గడ్డం నున్నగా దువ్వుకున్నవాడు, పాతకాలపు పెద్ద కారు ముందు నిలబడ్డాడు. ఒక్కో మాట చెప్పడం, వేలు అడ్డంగా ఊపడం, అదే వాడి పని. బానెట్టుకు కంపెనీవాళ్లు సీలు వేస్తారన్నది అబద్ధమట. చెడిపోతే విమానంలో మనుషులు దిగుతారన్నది అబద్ధమట. ముందున్న బొమ్మ వెండిదన్నదీ అబద్ధమేనట. నేను పల్లీలు ఏరుకుంటూ ఊ కొడుతున్నాను. చివరికి వాడు, లోపల కూర్చుంటే గడియారం చప్పుడు తప్ప మరేమీ వినిపించదన్నది కూడా ఒట్టి ప్రచారమేనని వేలు ఊపాడు.

"వాని మొఖం! వానికేం ఎరుక?" అన్నాను.

మనవడు లేచి కూర్చున్నాడు. "నువ్వు గసొంటి కార్ల కూసున్నవా ఏంది?"

"కూసున్న."

వాడు నవ్వాడు. నవ్వడా మరి! బీడీలు చుట్టిన చేతులు, గంజి వాసన వదలని ఇల్లు, ఈ ముసలిది రాజాల కారెక్కిందంటే ఎవరు నమ్ముతారు? చాట పక్కన పెట్టి వాడికి మొదటి నుంచీ చెప్పుకొచ్చాను.

అప్పుడు నాకు పదేళ్లుంటాయేమో. మరాఠీ గడ్డ మీద తెలుగు నేతగాళ్లు స్థిరపడిన దాజీ పేటలో, వరుస ఇళ్లలో మాదొక గది, ముందు వసారా. వెనక గోడకు అవతలే సాంచాల కార్ఖానా. సాంచాలంటే కరెంటు మగ్గాలు. తెల్లారి మొదలైన మోత పొద్దుగూకినా ఆగేది కాదు. నేల ఎప్పుడూ సన్నగా అదురుతూనే ఉండేది. గూట్లో పెట్టిన గ్లాసులు వాటంతటవే జరుగుతూ అంచుదాకా వచ్చేవి. వాటిని మళ్లీ వెనక్కి నెట్టే పని నాది.

ఆ మోతలో నోటి మాటకు విలువ లేదు. పెదవులు చూసి మాట పట్టుకునేవాళ్లం, లేకపోతే సైగలు. మా దగ్గర అవ్వ అంటే అమ్మ, బాపు అంటే నాన్న, బాపమ్మ అంటే నాన్న తల్లి. అవ్వ గల్లీ ఆ చివర నుంచి బొటనవేలు నోటి దగ్గర పెడితే నల్లా వచ్చింది, నీళ్లు పట్టమని. అరచెయ్యి రెండుసార్లు తిరగేస్తే రొట్టెలయ్యాయి, తిందువు రమ్మని. కోపం వచ్చినప్పుడు ఏ సైగ చేసేదో ఇక్కడ రాయను.

వసారాలో అవ్వ, బాపమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. నానబెట్టిన తునికాకు తడి వాసన, తంబాకు ఘాటు, గోడ మీది నుంచి వచ్చే సాంచా నూనె వాసన, మధ్యాహ్నమైతే పెనం మీద కాలే జొన్నరొట్టె వాసన. నాకు ఇవన్నీ కలిపి ఒకే వాసన. ఈనాటికీ తునికాకు కట్ట విప్పితే నాకు ఆకలేస్తుంది.

మా బాపు కుంఠా నాకా దగ్గర కార్ఖానాలో జాబర్. చెడిపోయిన సాంచాను బాగుచేసేవాడే జాబర్. ఆయన పద్ధతి వేరు. అన్ని సాంచాలూ ఆడుతుంటే గుమ్మంలో నిలబడి, తల కొంచెం వంచి వినేవాడు. "మూడో వరుసల ఐదోది. నాడె పెట్టె ఒదులైంది" అనేవాడు. నాడె అంటే పోగు పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తేది. పోయి చూస్తే అంతే. కొత్త జాబర్లు నట్లన్నీ విప్పి చూసేచోట ఆయన ఒక్క నట్టు విప్పేవాడు. ఆయన చెవుల మీదే మా ఇల్లు నడిచేదని బాపమ్మ గొప్పగా చెప్పుకునేది.

మా గల్లీ చివర ఒక పాత వాడా, అంటే పెద్ద లోగిలి, ఉండేది. ఏదో చిన్న సంస్థానం రాజుదని అనేవాళ్లు. రాజు పోయి చాలా కాలమైంది, కొడుకు పుణెలో. వాడాకు కాపలా ఒక్క ముసలి డ్రైవరే. మేమంతా చాచా అని పిలిచేవాళ్లం. రేకుల షెడ్డులో, మా పేటలోనే నేసిన పెద్ద చద్దరు కప్పుకుని ఆ కారు నిద్రపోతుండేది. దాని అసలు పేరు మా నోళ్లకు పట్టేది కాదు. రాజా గాడీ అనేవాళ్లం.

బడి వదలగానే నేనూ, పక్కింటి పిల్లా అక్కడికి పరుగు. చేతిలో రొట్టె, దాని మీద పల్లీల శేంగ చట్నీ, నూనె మోచేతి దాకా కారుతూ. "చేతులు దూరం! దూరం!" అని చాచా అరుస్తూనే చద్దరు ఒక మూల ఎత్తి చూపించేవాడు. ముందు రెక్కల బొమ్మ. కళ్లంత పెద్ద దీపాలు కావు, బిందెలంత దీపాలు.

"బేటీ, గీ బానెట్టు ఎవరు తెర్వొద్దు. కంపెనీ సీలు ఉంది. తెరిస్తె విలాయత్‌ల గంట మోగుతది."

"మోగితే?"

"పోలీసులొస్తరు."

ఇంజను నడుస్తున్నప్పుడు దాని మీద రూపాయి బిళ్ల నిలబెడితే పడదనీ, ఈ కారు ఎన్నడూ చెడిపోదనీ, ఖర్మ కాలి చెడిపోతే కంపెనీవాళ్లు విమానంలో వచ్చి, గుట్టుగా బాగుచేసి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని పోతారనీ చెప్పేవాడు. ఎన్నడూ చెడిపోని కారు ఎన్నడూ కదలదేమని నాకు తోచేది కాదు. తోచినా అడిగేదాన్ని కాను, అడిగితే చద్దరు దించేస్తాడు.

అక్కడ విన్నవన్నీ తెచ్చి వసారాలో వంపేదాన్ని. ఆడవాళ్లు చేతులు ఆపకుండా, నా పెదవులు చూస్తూ వినేవాళ్లు. బాపమ్మ దగ్గర అంతకంటే పెద్దవి ఉండేవి. ఎవరో రాజును విలాయత్ దుకాణంవాడు చిన్నచూపు చూశాడట. రాజు ఉన్న కార్లన్నీ కొనేసి, వాటికి చీపుర్లు కట్టించి ఊరు ఊడిపించాడట.

"ఊడిపిస్తె ఊడిపించిండు గని, మన గల్లీ దిక్కు ఒక్క కారన్న తోలకపాయె" అని బాపమ్మ ఆకు కత్తిరిస్తూ అనేది. అందరూ నవ్వేవాళ్లు.

కానీ నాకు అన్నిటికంటే నచ్చింది గడియారం మాట. అద్దాలు పైకెక్కించి లోపల కూర్చుంటే ఏ చప్పుడూ రాదట. చెక్కపలకలో బిగించిన గడియారం టక్ టక్ మనడం ఒక్కటే వినిపిస్తుందట. చప్పుడు లేకపోవడమంటే ఏమిటో తెలియని పిల్లని కదా, నోరు తెరుచుకుని విన్నాను.

చప్పుడు లేని రోజు మాకు ఏడాదికి ఒక్కటి ఉండేది. మార్కండేయుడి రథం పండుగ. ఆ రోజు పేటంతా సాంచాలు బంద్. పొద్దున్నే లేస్తే చెవులకు ఏమీ తోచేది కాదు. కాకి అరుపు వినిపించేది. పక్కింటి తాత దగ్గు వినిపించేది. బాపమ్మ అయితే మాటిమాటికీ లేచి వెనక గోడ వైపు చూసేది.

ఆ ఏడు రథం రోజున బాపు వసారాలో కూర్చుని కొత్త చొక్కాకు గుండీలు పెట్టుకుంటున్నాడు. వెనక నుంచి వెళ్లి "బాపూ" అన్నాను. పలకలేదు. మళ్లీ అన్నాను. గట్టిగా అన్నాను. గల్లీలో పోయేవాళ్లు తిరిగి చూశారు గానీ ఆయన తిరగలేదు. ముందుకు వెళ్లి నిలబడితే నా పెదవులు చూసి నవ్వాడు. "ఏం బిడ్డా?"

బాపుకు వినిపించడం లేదు. మిగతా రోజుల్లో అందరం పెదవులు చూసే మాట్లాడుకుంటాం గనక ఎవరికీ తెలియలేదు. అవ్వ వైపు చూశాను. ఆమె చూపు తిప్పుకుంది. అంటే ఆమెకు తెలుసు.

పండుగ అలంకారాలన్నీ వాడిపోయాక ఒక మధ్యాహ్నం అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "బాపు చెవులల్ల ఎప్పుడు మోతనేనట. ఇంటికొచ్చినా సాంచాలు ఆగుతలెవ్వట. గిది కార్ఖానాల తెలిసిందనుకో, జాబర్ పనిలకెళ్లి తీసేస్తరు. నోరు ఇప్పకు."

నోరు విప్పలేదు. కానీ బుర్ర ఊరుకోలేదు. ఎంతో ఆలోచించి, చాచా చెప్పిన అబద్ధాలకు నాదొకటి కలిపాను. ఎక్కువ చప్పుడు విని విని బాపు చెవులు నిండిపోయాయి. చప్పుడే లేని ఆ కారులో ఒక్కసారి కూర్చోబెడితే లోపలి మోతంతా కారిపోతుంది. గడియారం వినిపించిందా, చెవులు బాగైనట్టే. చెవిలోకి నీళ్లు పోతే తల వంచి వంపుకోమా, అలాగే అనుకున్నాను. ఎంత గట్టిగా నమ్మానంటే, మర్నాడే అవ్వ చాటలోంచి పిడికెడు మంచి బీడీలు లంగా చెంగులో కట్టుకుపోయి చాచా ముందు పెట్టాను.

చాచా బీడీ వెలిగించుకుని నిట్టూర్చాడు. "గాడీ సురూ అయితలేదు బేటీ. మాలిక్ కొడుకు వస్తుండు. నడవకపోతే తుక్కుకు ఇచ్చేస్త అన్నడు. కంపెనీకి చిట్టీ రాసిన."

"విమానం వస్తదా?"

"వస్తది. ఎందుకు రాదు?"

ఆ చిట్టీ రాశాడో లేదో దేవుడికే తెలియాలి. నేనూ పక్కింటి పిల్లా మాత్రం రోజూ సాయంత్రం కార్ఖానా డాబా ఎక్కి ఆకాశం చూశాం. ఎండబెట్టిన నూలు కట్టల, మా మాటలో చిలపల, మధ్య దాక్కుని, దండెం మీది తడి రంగు లంగాలకు అంటించుకుని తిట్లు తిన్నాం. ఒకసారి నిజంగానే ఒక విమానం వచ్చింది. నాకా దాకా దాని వెనక పరిగెత్తాం. అది మా వైపు కన్నెత్తి చూడకుండా హైదరాబాదు దిక్కుకు పోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

చివరికి బాపుకు సెలవైన ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం చాచా టోపీ చేతిలో పట్టుకుని మా వసారా ముందు నిలబడ్డాడు. విమానం కోసం చూసే ఓపిక ఆయనకూ అయిపోయినట్టుంది.

"ఉస్తాద్, జర గాడీ చూస్తవా? నువ్వు ఇంటే తెలుస్తదంటరు."

బాపు మొహం మాడిపోయింది. రొట్టె తుంచిన చెయ్యి అలాగే ఆగింది. వినడం అన్నమాటే ఆయనకు భయం. వెళ్లి ఏమీ తేల్చలేకపోతే సాయంత్రానికల్లా పేటంతా పాకుతుంది. వెళ్లకపోయినా ఎందుకు వెళ్లలేదని అడుగుతారు. అవ్వ బీడీ చుట్టడం ఆపింది. ఆయన ఒక గ్లాసు నీళ్లు తాగి, సామాను సంచి తీసుకుని లేచాడు. వెనక నేను.

చాచా బానెట్టు మీద చెయ్యి వేశాడు. నేనూ పక్కింటి పిల్లా గట్టిగా కళ్లు మూసుకున్నాం. గంట మోగలేదు. పోలీసులు రాలేదు. ఒక కన్ను తెరిచి చూస్తే సీలూ లేదు, ఏమీ లేదు. ఇంజను పక్కన ఎలుక గూడు. మా గల్లీ నూలు ముక్కలన్నీ అందులోనే ఉన్నాయి. పక్కింటి పిల్ల నా వైపు చూసిన చూపులో ఎంత దిగులు!

చాచా తాళం తిప్పితే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. బాపు అలవాటు కొద్దీ తల వంచాడు. అలా వంచి ఉండిపోయాడు. ఆయన మెడ మీద చెమట కారుతోంది. చాచా నోరు తెరిచి ఆయన వైపే చూస్తున్నాడు. ఏమీ వినిపించడం లేదని నాకు తెలుసు. ఆయనకు తెలుసు. ఆ ఒక్క క్షణం నేను దేవుణ్ణి అడిగినంత గట్టిగా మళ్లీ ఎన్నడూ ఏదీ అడగలేదు.

బాపు తల ఎత్తాడు. సంచిలోంచి పొడుగాటి పేచ్‌కస్, అదే స్క్రూడ్రైవరు, తీశాడు. దాని కర్రపిడిని పళ్ల మధ్య కరిచి పట్టుకుని, మొనను ఇంజనులో ఒక్కోచోట ఆనించాడు. ఇంజను అదురు పళ్లకు అందాలని కళ్లు మూసుకున్నాడు. తాళం తిప్పమని చాచాకు చేత్తో సైగ చేశాడు. మళ్లీ. ఇంకోసారి. ఒక చిన్న పంపు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. పేచ్‌కస్ తీసి నోరు తుడుచుకున్నాడు.

"పెట్రోలు తోసే పంపు. దెబ్బ సగమే పడ్తున్నది. లోపల బిళ్ల ఎండిపోయింది."

విప్పితే అంతే. తోలు బిళ్ల ఎండి పగిలి ఉంది. బాపు సంచిలోని సాంచా తోలు పట్టా తీసి, చాకుతో గుండ్రంగా కోసి, నూనెలో తడిపి బిగించాడు. ఈసారి ఇంజను గట్టిగా దగ్గి, తర్వాత నెమ్మదించి, మా బాపమ్మ కునుకు తీసినంత మెత్తగా నడిచింది. చాచా కళ్ల నీళ్లు పెట్టుకుని బాపు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏం గావాలె ఉస్తాద్? అడుగు!"

ఆయన అడిగేలోపు నేను మధ్యలో దూరాను. "మా బాపును లోపల కూసోబెట్టు చాచా! అద్దాలు ఎక్కియ్యి!"

నూనె లుంగీతో కూర్చోనన్నాడు బాపు. చాచా ఊరుకోలేదు. చివరికి భుజం మీది తువ్వాల వెనక సీటు మీద పరుచుకుని, దాని మీద మాత్రమే పడేట్టు ఒదిగి కూర్చున్నాడు. పక్కన నేను. పాత తోలు వాసన, కలరా ఉండల వాసన, ఎప్పటిదో అత్తరు వాసన. చాచా ఒక్కో అద్దం పైకెక్కించి తలుపు వేశాడు. గోడ అవతలి సాంచాల మోత ఎవరో పక్కవీధికి తీసుకుపోయినట్టు దూరమైంది.

బాపు ఉలిక్కిపడ్డాడు. సీటులోంచి సగం లేచి తలుపు మీద చెయ్యి వేశాడు. "ఏం బందయ్యింది? కరెంటు పోయిందా? ఏ సాంచా?"

జాబర్లకు అదొక జబ్బు. మోతలో హాయిగా నిద్రపోతారు, ఆగితే లేచి కూర్చుంటారు. బాపుకు ఇప్పుడు తెలిసింది చెవులతో కాదు, కాళ్లతో. ఆ కారు మెత్తటి నేల మీద మా పేట అదురు లేదు. రథం రోజు తప్పిస్తే, పుట్టి బుద్ధెరిగాక ఆ అదురు లేని చోట ఆయన కాలు పెట్టలేదు.

"ఏది బంద్ కాలే బాపూ. గిది రాజా గాడీ. ఇట్లనే ఉంటది" అన్నాను, ఆయన మొహంలోకి చూస్తూ.

నెమ్మదిగా వెనక్కి వాలాడు. నేను ముందు చెక్కపలకలోని గడియారం మీదే కళ్లు పెట్టాను. ఊపిరి బిగబట్టి విన్నాను. ఇంజను సన్నటి గురగుర తప్ప ఏమీ లేదు. నా చెవులూ పోయాయేమోనని భయమేసింది. అయినా అడగాల్సింది అడిగాను.

"బాపూ, గడియారం ఇనొస్తున్నదా?"

ఆయన నా పెదవులు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. బీడీల సంగతి, డాబా మీద విమానం కోసం కాపు కాయడం, అన్నీ అవ్వ ఆయనకు చెప్పిందో, లేక నా మొహంలోనే ఉన్నాయో తెలియదు. నా అరచెయ్యి తీసుకుని, దాని మీద వేలితో మెల్లగా కొట్టాడు. టక్. టక్. టక్.

"ఇనొస్తున్నది బిడ్డా. మంచిగ ఇనొస్తున్నది."

"నాకు గూడ" అన్నాను.

ఇంటికి వస్తుంటే ఆయన ముందు నడుస్తున్నాడు. ఆశ చావక వెనక నుంచి ఒక్కసారి "బాపూ" అన్నాను. తిరగలేదు. నేను పరిగెత్తి ఆయనకు ముందుకు వెళ్లి, మొహంలోకి చూసి పిలిచాను. అప్పుడు నవ్వాడు. ఆనాటి నుంచి ఆయనను నేను ఎప్పుడూ వెనక నుంచి పిలవలేదు. నాకు పెళ్లై, పిల్లలు పుట్టాక వాళ్లకూ అదే నేర్పాను.

చెవులు బాగుపడలేదు గానీ పని పోలేదు. సోమవారం నుంచి ఆయన కార్ఖానాలో గుమ్మంలో నిలబడటం మానేశాడు. సాంచా చట్రం మీద అరచెయ్యి ఆనించేవాడు, అవసరమైతే పేచ్‌కస్ పళ్లతో కరిచేవాడు. ఏమైంది ఉస్తాద్ అని అడిగితే ముసిముసిగా నవ్వేవాడు. జవాబు మా పేటే తయారుచేసుకుంది. కంపెనీవాళ్లు విమానంలో వచ్చారనీ, రాజా గాడీ బాగుచేస్తూ మా బాపుకు ఆ విద్య నేర్పారనీ, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారనీ. బాపు కాదనలేదు. బాపమ్మ అయితే ఆ విమానాన్ని తన కళ్లతో చూసింది.

మాలిక్ కొడుకు వచ్చి కారు తీసుకుపోయిన రోజున చాచా చివరిసారి లోపలంతా తుడుస్తున్నాడు. గడియారం అద్దం తుడుస్తూ నాతో అన్నాడు. "గిది రాజాసాబ్ ఉన్నప్పుడే బందయ్యింది బేటీ. బాగు చేపిద్దమనుకున్న, కాలేదు."

ముళ్లు రెండూ ఒకేచోట ఉన్నాయి. ఆ రోజూ అక్కడే ఉండి ఉంటాయి. ఎదురుగా ఉన్నా నాకు కనిపించలేదు. నా కోసం బాపు అబద్ధమాడాడు, ఆయన కోసం నేను. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

చెప్పడం అయిపోయింది. మనవడు ఫోను పక్కన పెట్టాడు. బయట సాంచాలు ఇప్పుడు తగ్గిపోయాయి, మా గల్లీలో పగలే కాకి అరుపు వినిపిస్తోంది.

"అయితే గడియారం ముచ్చట గూడ అబద్ధమే గద అమ్మమ్మా" అన్నాడు, చిన్న గొంతుతో.

నేను వాడి అరచెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. వేలితో మెల్లగా కొట్టాను, మా బాపు కొట్టినంత నెమ్మదిగా. "ఇనొస్తున్నదా?"

వాడు నా పెదవులు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"ఇనొస్తున్నది" అన్నాడు.